ఈ కామా ఏ లిస్టుది?

ముందు ఈ ఒక్క వరస చూడండి.

[1,[2,[3],40],5]

ఇందులో ఎన్ని అంశాలున్నాయంటే మూడని ఎవరైనా వెంటనే చెప్పేస్తారు. మొదట ఒకటి, తర్వాత ఒక లిస్టు, చివర ఐదు. వరసలో కామాలు నాలుగున్నాయి. అయినా మన కన్ను రెండింటినే లెక్కలోకి తీసుకుంది. మిగతా రెండూ లోపలి లిస్టువని దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రోగ్రాంకి మాత్రం చెప్పాలి. దాని చేతికి అందేది పదహారు అక్షరాల స్ట్రింగ్, అంటే ఒట్టి అక్షరాల వరస, అంతే. ఎడమ నుంచి కుడికి ఒక్కో అక్షరమే కనిపిస్తుంది. లోపల, బయట అన్న తేడా దానికి లేదు. ఈ చదును వరసలోంచి లోతును తిరిగి రాబట్టడమే ఇక్కడ పార్సింగ్.

కోడింగ్ నేర్చుకునేవాళ్లు లూపులు, ఫంక్షన్లు బాగానే దాటేసి సరిగ్గా ఇక్కడికొచ్చి చిక్కుకుపోవడం చాలాసార్లు చూశాను. తెలివి చాలక కాదు. ఒక ప్రశ్న వేసుకోకపోవడం వల్ల. ఇప్పుడు నా ముందున్న ఈ కామా ఏ లిస్టుది? దీనికి జవాబు ప్రోగ్రాంలో ఎక్కడో ఒకచోట భద్రంగా ఉండాలి. అది ఎక్కడ ఉంటుందో తేలితే మిగతా కోడ్ దానంతటదే వస్తుంది.

చెప్పుకోవడానికి మంచి అభ్యాసం ఒకటుంది. ఎరిక్ వాస్టల్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 2015 నుంచి ప్రతి డిసెంబరులోనూ అడ్వెంట్ ఆఫ్ కోడ్ పేరుతో పజిళ్లు ఇస్తున్నారు. అక్కడ అర్ధరాత్రి తెరుచుకునే పజిల్ మనకు ఉదయం పదిన్నరకు వస్తుంది. 2022లో 13వ రోజు వచ్చినదాని పేరు డిస్ట్రెస్ సిగ్నల్. ఆపదలో ఉన్నవాళ్లు పంపిన సంకేతం ముక్కలు ముక్కలుగా, వరస తప్పి అందుతుంది. ఒక్కో ముక్క ఒక్కో లిస్టు. లిస్టులో అంకెలుండొచ్చు, ఇంకో లిస్టు ఉండొచ్చు, ఏమీ లేకపోవచ్చు కూడా. రెండేసి ముక్కలు జంటగా ఇస్తారు, జంటకూ జంటకూ మధ్య ఖాళీ వరస ఉంటుంది. ఏ జంట సరైన వరసలో ఉందో తేల్చి, ఆ జంటల క్రమసంఖ్యలు కూడాలి. పోల్చడం తర్వాతి సంగతి. ముందు చదవాలి.

కామా దగ్గర కోస్తే

అందరికీ మొదట తట్టేది ఒకటే. రెండు చివర్ల బ్రాకెట్లు తీసేసి, మిగిలిన దాన్ని కామాల దగ్గర విడగొట్టడం. మన వరసకి అలా చేస్తే వచ్చే ముక్కలు ఇవి: 1 ఒకటి, [2 ఇంకొకటి, [3] మరొకటి, 40] నాలుగోది, 5 చివరిది. మూడు రావాల్సిన చోట ఐదొచ్చాయి. రెండు ముక్కలకు బ్రాకెట్ సగమే ఉంది. ఒకటి తెరిచి మూయలేదు, ఇంకొకటి తెరవకుండానే మూసింది.

ఖాళీ లిస్టు దగ్గర ఇదే పద్ధతి ఇంకో రకంగా దెబ్బతీస్తుంది. [] నుంచి బ్రాకెట్లు తీసేస్తే మిగిలేది ఖాళీ స్ట్రింగ్. పైథాన్‌లో ఖాళీ స్ట్రింగ్‌ను కామా దగ్గర విడగొడితే సున్నా ముక్కలు రావు. ఒక ముక్క వస్తుంది, అదీ ఖాళీదే. దాన్ని అంకెగా మార్చబోతే ప్రోగ్రాం అక్కడే కూలబడుతుంది.

రెండో ఆలోచన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. అక్షరాల నమూనా రాసి, దానికి సరిపోయే ముక్కల్ని వెతికే పద్ధతి. ఇది ఎందుకు సరిపోదో తెలుసుకుంటే ఎంతో సమయం మిగులుతుంది. అసలు అర్థంలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటే పరిమితమైన స్థితులున్న యంత్రం. బ్రాకెట్ ఎన్ని పొరల లోతుకైనా వెళ్లగలిగినప్పుడు, ఎన్ని తెరిచామో గుర్తుపెట్టుకోవడానికి అన్ని స్థితులు దాని దగ్గర లేవు. 1956లో భాషావేత్త నోమ్ చోమ్‌స్కీ ఇంగ్లిష్ వాక్యాల విషయంలో చూపించింది ఈ పరిమితినే. ఒకదానిలో ఒకటి ఒదిగే నిర్మాణాన్ని పరిమిత స్థితుల యంత్రం వర్ణించలేదని. కొన్ని భాషల్లోని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లకు తనను తానే పిలుచుకునే సదుపాయం చేర్చారు. పైథాన్‌తో వచ్చే మామూలు లైబ్రరీలో అది లేదు. అయితే ఒక పక్కదారి ఉంది. లోపల ఇంకే బ్రాకెట్ లేని లిస్టును మాత్రమే వెతికి, దాన్ని తీసి పక్కన పెట్టి, ఆ చోట ఒక గుర్తు రాయాలి. మళ్లీ వెతకాలి. లోపలినుంచి బయటికి ఒక్కో పొర కరిగిపోతుంది. పనిచేస్తుంది, కానీ పొర పొరకీ స్ట్రింగ్ మొత్తం తిరగరాయాలి.

మూడో ఆలోచనతో సరైన జవాబు వస్తుంది. బయటి జత బ్రాకెట్లను వదిలేసి ఒక లెక్క పెట్టుకుంటారు. తెరిచే బ్రాకెట్ కనబడితే ఒకటి కలుపు, మూసేది కనబడితే ఒకటి తీసేయ్. లెక్క సున్నా అయినప్పుడు ఎదురైన కామా దగ్గరే కోయ్. వచ్చిన ముక్కల్లో బ్రాకెట్‌తో మొదలయ్యేదానికి మళ్లీ ఇదే పని. మన ప్రశ్నకు ఇది మొట్టమొదటి నిజమైన జవాబు. లెక్క సున్నా అయితే కామా నాది, కాకపోతే లోపలివాళ్లది. ఇక్కడిదాకా సొంతంగా వచ్చినవాళ్లను నేను మెచ్చుకుంటాను.

ఇబ్బంది ఏమిటంటే, లోపలి అక్షరాలను ప్రతి పొరా మళ్లీ మొదట్నుంచి చదువుతుంది. వెయ్యి బ్రాకెట్లు తెరిచి వెయ్యి మూసిన స్ట్రింగ్‌లో రెండు వేల అక్షరాలే ఉంటాయి. ఈ పద్ధతిలో మొదటి పొరకు 2000, రెండోదానికి 1998, ఆ తర్వాత 1996, ఇలా అన్నీ కలిపితే పది లక్షల పైచిలుకు అక్షరాలు చదివినట్టవుతుంది. ఒక్కసారి చదివితే చాలినదానికి అంత చాకిరీ.

దొంతి

పాత ఇళ్లల్లో కుండల్ని దొంతిగా పేర్చేవాళ్లు. పెద్దది అడుగున, దాని మీద ఇంకొంచెం చిన్నది, ఆ పైన ఇంకా చిన్నది. అడుగు కుండ కావాలంటే పైవి దించాల్సిందే. చివర పెట్టింది ముందు దిగుతుంది. కంప్యూటర్ మనుషులు స్టాక్ అనేది దీన్నే. మ్యూనిక్‌లో ఫ్రీడ్రిష్ బవర్, క్లౌస్ సామెల్సన్ ఈ పద్ధతికి 1957లో పేటెంట్ దరఖాస్తు పెట్టారు. బ్రాకెట్లున్న గణిత సూత్రాలను యంత్రం చేత చదివించడం కోసమే. వాళ్లు దానికి పెట్టిన పేరు కెల్లర్, అంటే జర్మన్‌లో నేలమాళిగ. వాళ్ల స్టాక్ పుట్టిందే బ్రాకెట్ల కోసం అంటే తప్పు లేదు.

మన వరసను దొంతితో చదువుదాం. మొదటి బ్రాకెట్ కనిపించగానే ఒక కొత్త ఖాళీ లిస్టు తీసుకుని చేతిలో పట్టుకోండి. 1 వస్తే అందులో వేయండి. కామా వచ్చింది, ముందుకు నడవండి. మళ్లీ బ్రాకెట్ తెరిచింది. చేతిలో ఉన్న లిస్టు ఇంకా పూర్తి కాలేదు, కానీ ఇప్పుడు చేయి ఖాళీ కావాలి. దాన్ని దొంతి మీద పెట్టి ఇంకో కొత్త ఖాళీ లిస్టు అందుకోండి. 2 వస్తే ఇందులో వేయండి. మూడో బ్రాకెట్ తెరిచింది. [2 దాకా నిండిన లిస్టు కూడా దొంతి ఎక్కింది. చేతిలో మూడో లిస్టు, అందులో 3.

ఇప్పుడు మూసే బ్రాకెట్. చేతిలోని లిస్టు [3] పూర్తయింది. దొంతి మీద పైనున్న లిస్టును దించండి, ఇందాకటి [3]ను అందులో వేయండి. చేతిలో [2,[3]] ఉంది. తర్వాతి కామా ఏ లిస్టుది? చేతిలో ఏది ఉంటే దానిదే. అడగాల్సిన అవసరం కూడా లేకుండా పోయింది. 40 అందులో పడింది. మూసే బ్రాకెట్ రాగానే మళ్లీ పైదాన్ని దించి, [2,[3],40]ను అందులో వేస్తే చేతిలో [1,[2,[3],40]]. కామా, 5, చివరి బ్రాకెట్. దించుదామంటే దొంతి ఖాళీ. పని అయిపోయింది.

ఇందులో రెండు చోట్ల జాగ్రత్త కావాలి. కొత్త లిస్టు అంటే నిజంగా కొత్తది కావాలి. చేతిలోని లిస్టును దొంతి మీద పెట్టి, మళ్లీ అదే లిస్టును ఖాళీ చేసి వాడుకునేవాళ్లున్నారు. పైథాన్, జావాస్క్రిప్ట్ లాంటి భాషల్లో దొంతి ఎక్కింది లిస్టు నకలు కాదు, ఆ లిస్టే. ఇక్కడ ఖాళీ చేస్తే అక్కడా ఖాళీ అయిపోతుంది. రెండోది, బయటి లిస్టు పూర్తయ్యాక కూడా ఇంకా మూసే బ్రాకెట్లు వస్తుంటే, లేదా అది పూర్తికాకుండానే వరస అయిపోతే, ఇన్‌పుట్‌లోనే తప్పుందన్నమాట. ఆ రెండు సందర్భాల్లోనూ ప్రోగ్రాం ఆగి ఆ సంగతి చెప్పాలి. ఊరుకుని సగం జవాబు ఇవ్వకూడదు.

సగంలో ఆగినవాటిని ఇలా గుర్తుపెట్టుకునే బరువు తెలుగు మాట్లాడేవాళ్లకు కొత్తేమీ కాదు. “తమ్ముడు రేపు వస్తానన్నాడని అమ్మ చెప్పిందని చెల్లి అంటోంది” అంటాం. వినేవాడికి ఏ ఇబ్బందీ లేదు, ప్రతి పేరు పక్కనే దాని క్రియ ఉంది. అదే మాటను “చెల్లి, అమ్మ, తమ్ముడు రేపు వస్తానన్నాడని చెప్పిందని అంటోంది” అని చూడండి. వ్యాకరణం తప్పలేదు, చెవికి మాత్రం ఇరుకుగా ఉంది. చెల్లి, అమ్మ, తమ్ముడు ముగ్గురూ వరసగా దొంతి ఎక్కి తమ క్రియ కోసం ఎదురుచూస్తున్నారు. వస్తానన్నాడు అనగానే చివర ఎక్కిన తమ్ముడు దిగాడు, చెప్పింది అనగానే అమ్మ, అంటోంది అనగానే చెల్లి. ఎక్కిన వరసకు సరిగ్గా ఎదురు వరస. మాటల్లో మనం ఈ బరువును తప్పించుకుంటూ వాక్యం తిప్పి చెబుతాం. బ్రాకెట్ల లిస్టుకు ఆ వీలు లేదు, అది ఎప్పుడూ రెండో రకం వాక్యమే.

ఎక్కడ ఆగావో చెప్పు

రెండో పద్ధతిలో దొంతిని మనం పేర్చం, భాషే పేరుస్తుంది. దీన్ని రికర్షన్ అంటారు. ఒక ఫంక్షన్ పని పూర్తి చేయడానికి తననే మళ్లీ పిలుచుకుంటుంది. నాకు ఇష్టమైనది ఇదే. కారణం, కోడ్ ఆకారం డేటా ఆకారంలాగే ఉంటుంది. ఈ పజిల్‌లో విలువ అంటే ఏమిటి? అంకె గానీ, విలువల లిస్టు గానీ. ఈ నిర్వచనంలోనే విలువ అన్న మాట రెండోసారి వచ్చింది. రస్ట్, సీ ప్లస్ ప్లస్ లాంటి భాషల్లో రాసేవాళ్లు ఈ నిర్వచనాన్ని టైప్‌గా ముందే రాసుకోక తప్పదు. అది రాశారంటే ఫంక్షన్ సగం రాసినట్టే.

ఫంక్షన్లు రెండు చాలు. మొదటిది విలువను చదివేది. దానికి స్ట్రింగ్‌తో పాటు ఎక్కడినుంచి చదవాలో స్థానం కూడా ఇస్తాం. అక్కడ తెరిచే బ్రాకెట్ ఉంటే పని లిస్టు చదివే ఫంక్షన్‌కు అప్పజెబుతుంది. అంకె ఉంటే, అంకెలు ఆగిపోయేదాకా చదివి సంఖ్యగా మారుస్తుంది. రెండోది లిస్టు చదివేది. బ్రాకెట్ దాటుతుంది. వెంటనే మూసే బ్రాకెట్ ఉందేమో చూస్తుంది, ఉంటే ఖాళీ లిస్టు. లేకపోతే ఒక విలువ చదవమని మొదటి ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఆ తర్వాత కామా ఉంటే దాటి ఇంకో విలువ చదువుతుంది. మూసే బ్రాకెట్ ఉంటే దాన్నీ దాటి, పోగైన లిస్టును తిరిగిస్తుంది. ఈ రెండూ కాక వేరే ఏది కనిపించినా తప్పే.

అసలు కీలకం తిరిగివ్వడంలో ఉంది. ప్రతి ఫంక్షనూ రెండు సంగతులు చెప్పాలి. ఏం చదివాను, ఎక్కడ ఆగాను. స్థానాలను సున్నా నుంచి లెక్కపెడితే మన వరసలో లోపలి లిస్టు 3వ స్థానంలో మొదలవుతుంది. దాన్ని చదవమని పిలిచినప్పుడు అది మధ్యలో 6వ స్థానం నుంచి ఇంకో పిలుపు ఇస్తుంది. ఆ పిలుపు [3]ను చదివి, 9 దగ్గర ఆగానని చెప్పి వస్తుంది. 9లో కామా. దాటి 40 చదివితే 12కు చేరుతుంది. అక్కడ మూసే బ్రాకెట్. దాటి [2,[3],40]తో పాటు 13 అని చెబుతుంది. బయటి లిస్టు 13 నుంచి అందుకుంటుంది. అక్కడున్న కామా దానిదే. లోపలివాళ్ల కామాలు దాని కంట పడనే లేదు. చివరికి బయటి పిలుపు 16 దగ్గర ఆగుతుంది, స్ట్రింగ్ పొడవు కూడా 16. మిగులు లేదని అలా తెలుస్తుంది.

ఎక్కడ ఆగిందో చెప్పడం మర్చిపోతే ఏమవుతుందో ఒకసారి చూడాలి. లోపలి పిలుపు స్థానాన్ని తనలోనే జరుపుకుని, లిస్టును మాత్రం తిరిగిచ్చిందనుకోండి. పిలిచినవాడి స్థానం బ్రాకెట్ దగ్గరే ఉంటుంది. ఒక్క అడుగు వేసి, లోపలివాళ్లు ఇందాక చదివిన 2నే మళ్లీ చదువుతాడు. కామాలను, తప్పులను పట్టించుకోకుండా వదిలేసే కోడ్ అయితే మన వరసకు [1,[2,[3],3],2,[3],3] అనే జవాబొస్తుంది. 3 నాలుగుసార్లు వచ్చింది, 40, 5 అసలు లేనే లేవు. లోపలి లిస్టు కోసం ఉన్న మూసే బ్రాకెట్‌ను బయటి లిస్టు తనదనుకుని ముగించేసింది. జవాబులో ఇలా విలువలు రెండేసిసార్లు రావడం, తోక తెగిపోవడం కనిపిస్తే స్థానం సరిగ్గా అందడం లేదని అనుమానించండి. స్థానాన్ని విలువతో కలిపి తిరిగివ్వొచ్చు, లేదా అందరూ ఒకే స్థానాన్ని జరిపేలా ఒక ఆబ్జెక్ట్‌లో పెట్టొచ్చు. రెండూ సరైనవే. మామూలు అంకెగా పంపి వదిలేయడం ఒక్కటే పనికిరాదు.

రికర్షన్‌కు ఒక హద్దుంది. పైథాన్ మామూలుగా వెయ్యి పిలుపుల లోతు దగ్గర ఆపేస్తుంది. మన పద్ధతిలో ఒక్కో పొరకు రెండు ఫంక్షన్లు పిలుస్తాం కాబట్టి ఐదొందల పొరల్లోపే ఆ హద్దు తగులుతుంది. ఈ పజిల్‌లో అంత లోతు రాదు. బయటి మనుషులు పంపే డేటా చదివే ప్రోగ్రాంలో మాత్రం, కావాలనే లక్ష బ్రాకెట్లు తెరిచి పంపేవాడు ఉంటాడనే అనుకోవాలి. డేటాను ఇలా అక్షరాల్లో రాసి పంపే పద్ధతి ఒకటుంది, పేరు జేసన్. దాని ప్రమాణపత్రం కూడా లోతుకు పరిమితి పెట్టుకునే స్వేచ్ఛను పార్సర్ రాసేవాళ్లకు ఇచ్చింది.

రెడీగా ఉన్నది వాడొచ్చా?

ఈ పజిల్ ఇన్‌పుట్‌లో ప్రతి వరసా అచ్చంగా పైథాన్ లిస్టులాగే ఉంటుంది. అందుకే చాలామంది ఎవాల్ అనే ఒక్క పిలుపుతో పని ముగించేశారు. ఎవాల్ చేసేది చదవడం కాదు, ఆ స్ట్రింగ్‌ను కోడ్‌గా నడపడం. లిస్టు ఉన్నచోట ఫైళ్లు చెరిపే ఆజ్ఞ ఉంటే దాన్నీ నడుపుతుంది. పజిల్ ఇచ్చినవాళ్ల మీద నమ్మకంతో ఇంట్లో ఒకసారి వాడితే నష్టం రాదేమో గానీ, అలవాటుగా చేతికి ఎక్కకూడదు. విలువలను మాత్రమే చదివి కోడ్‌ను నడపని లిటరల్ ఎవాల్ పైథాన్‌లోనే ఉంది. అంతకంటే మంచిది జేసన్ పార్సర్, ఎందుకంటే ఈ వరసలు చెల్లుబాటయ్యే జేసన్ కూడా. దాదాపు ప్రతి భాషలోనూ దొరుకుతుంది. ఉద్యోగంలో అయితే నేను రెండో ఆలోచన లేకుండా జేసన్ లైబ్రరీనే వాడతాను.

నేర్చుకునేటప్పుడు మాత్రం ఒక్కసారైనా చేత్తో రాయమంటాను. జాన్ మెకార్థీ 1960లో లిస్ప్ భాషను వివరించినప్పుడు, మొత్తం భాషను బ్రాకెట్లలో ఒదిగిన లిస్టుల మీదే కట్టారు. అక్కడ ప్రోగ్రామూ లిస్టే, డేటా కూడా లిస్టే. హెచ్‌టీఎంఎల్ ట్యాగులు, స్ప్రెడ్‌షీట్ సూత్రాలు, మీరు రోజూ రాసే కోడ్, అన్నీ లోపల ఈ నిర్మాణమే. ఇక్కడ పదహారు అక్షరాలతో తేలిపోయే పాఠం అక్కడ వేల వరసల మధ్య నేర్చుకోవాలంటే కష్టం.

పది వచ్చిన చోట

నాతో పనిచేసే ఒక కుర్రాడు ఈ పజిల్ చేస్తూ ఒక రాత్రి మెసేజ్ పెట్టాడు. “అన్నా, శాంపిల్‌కి 13 కరెక్టుగా వస్తోంది. అసలు ఇన్‌పుట్‌కి మాత్రం తప్పంటోంది. రెండు గంటల్నుంచి చూస్తున్నా.” శాంపిల్ అంటే పజిల్‌తో పాటు జవాబుతో సహా ఇచ్చే చిన్న ఉదాహరణ. కోడ్ పంపమన్నాను. దొంతి పద్ధతి చక్కగా రాశాడు. ఒక్కో అక్షరం తీసుకుని, అంకె అయితే వెంటనే లిస్టులో వేస్తున్నాడు. “ఇన్‌పుట్‌లో పది ఉందేమో వెతికావా?” అని అడిగాను. కాసేపు ఏమీ రాయలేదు. తర్వాత, “శాంపిల్‌లో అన్నీ ఒంటి అంకెలే అన్నా” అని వచ్చింది.

నిజమే. శాంపిల్‌లో 9 దాటిన సంఖ్య లేదు. అసలు ఇన్‌పుట్‌లో 10 ఉంటుంది. అతని కోడ్ దాన్ని ఒకటి, సున్నా అని రెండు అంశాలుగా వేస్తోంది. లిస్టు పొడవూ మారింది, మొదటి విలువా మారింది. ప్రోగ్రాం ఎక్కడా ఆగదు, ఎర్ర అక్షరాలేమీ రావు, జవాబు మాత్రం తప్పు. ఇలాంటి తప్పులే ఎక్కువ సమయం తింటాయి. కొందరు దీనికి ఒక ఉపాయం వాడతారు. 10 ఉన్న ప్రతి చోటా కోలన్ గుర్తు పెట్టేస్తారు. అక్షరాల కోడ్ పట్టికలో తొమ్మిది అంకె 57వది, కోలన్ 58వది కాబట్టి పోలిక సరిగ్గా వస్తుంది. తెలివైన పనే. రేపు 11 వస్తే మాత్రం ఆ తెలివి అక్కడే ఆగిపోతుంది. అంకెలు ఆగేదాకా చదివే చిన్న లూపు ఏ సంఖ్యకైనా పనికొస్తుంది. అతనూ అదే రాశాడు.

పోల్చేటప్పుడు మూడు జవాబులు

చదవడం అయ్యాక పోల్చే నియమాలు మూడు. రెండూ అంకెలైతే చిన్నది ముందుండాలి. రెండూ లిస్టులైతే మొదటిదాన్ని మొదటిదానితో, రెండోదాన్ని రెండోదానితో పోలుస్తూ పోవాలి. ఏ తేడా దొరక్కుండా ఏది ముందు అయిపోతే అది ముందుండాలి. నిఘంటువులో కల తర్వాత కలప వచ్చినట్టు. ఒకటి అంకె, ఒకటి లిస్టు అయితే అంకెకు బ్రాకెట్లు తొడిగి లిస్టు చేసి పోల్చాలి. [9]ని [[8,7,6]]తో పోలిస్తే, 9కి ఎదురుగా [8,7,6] ఉంది. 9ని [9] చేస్తాం. 9 కంటే 8 చిన్నది, కాబట్టి వరస తప్పింది. పొడవు చూసి తీర్పిచ్చేయకూడదు. [2,3,4] ఎదుట 4 ఉంటే, మూడు అంశాలున్నా సరే మొదటి 2 దగ్గరే తేలిపోతుంది, వరస సరైనదే.

ఇక్కడ ఎక్కువమంది పడే గుంట ఇంకొకటుంది. పోల్చే ఫంక్షన్ అవును, కాదు అని రెండే జవాబులు ఇచ్చేలా రాస్తారు. పజిల్ అడిగింది సరైన వరసేనా అని కాబట్టి అది సహజమే. కానీ [[1],2]ను [[1],1]తో పోల్చి చూడండి. లోపలి [1], [1] సమానం. ఇంకా ఏమీ తేలలేదు, ముందుకెళ్లి 2ను 1తో పోల్చాలి. సమానానికి చోటు లేని ఫంక్షన్ అక్కడే అవును అనేస్తుంది, అసలు జవాబు కాదు. ముందుంది, వెనకుంది, ఇంకా తేలలేదు, ఈ మూడూ చెప్పగలగాలి. మైనస్ ఒకటి, సున్నా, ఒకటి అని తిరిగిస్తే సరిపోతుంది.

ఆ మూడు జవాబుల ఫంక్షన్ పజిల్ రెండో భాగంలో ఉన్నదున్నట్టు పనికొస్తుంది. అక్కడ ముక్కలన్నింటినీ, కొత్తగా [[2]], [[6]] అనే రెండింటినీ కలిపి వరసలో పెట్టి, ఆ రెండు ఎక్కడ పడ్డాయో ఆ స్థానాలను గుణించమంటారు. చాలా భాషల్లో సార్ట్‌కు మన ఫంక్షన్ ఇవ్వొచ్చు. పైథాన్ మూడో వెర్షన్‌లో అయితే సీఎంపీ టు కీ అనే చిన్న తొడుగు వేసి ఇవ్వాలి. నిజానికి సార్ట్ కూడా అక్కర్లేదు. [[2]] కంటే ముందుండాల్సినవి ఎన్నో లెక్కపెట్టి ఒకటి కలిపితే దాని స్థానం. [[6]] కంటే ముందుండాల్సినవి లెక్కపెట్టి రెండు కలపాలి, ఎందుకంటే [[2]] కూడా దాని ముందే ఉంటుంది. శాంపిల్‌లో మొదటిదానికి ముందు తొమ్మిది, రెండోదానికి ముందు పన్నెండు ఉన్నాయి. స్థానాలు 10, 14. గుణిస్తే 140.

ఆ కుర్రాడు ఆ రాత్రే రెండో భాగం కూడా ముగించాడు. మర్నాడు అతని కోడ్ ఫైల్ తెరిచి చూస్తే పైన ఐదు చిన్న పరీక్షలు కొత్తగా రాసి ఉన్నాయి. [] ఒకటి, [[],[]] ఒకటి, [10] ఒకటి, [1,[],2] ఒకటి. ఐదోది [1]] అని మూసే బ్రాకెట్ ఒకటి ఎక్కువున్న వరస, దానికి ప్రోగ్రాం తప్పు చెప్పి ఆగిపోవాలి.